పాట కింది రాత

జనగామ,
19 జూన్ 2011.

భియా జైసింగ్‌కు, నీ చెల్లె రాజీ దండాలు.

వదిన, పిల్లలు మంచిగున్నరనుకుంట. ఫోన్ చేయక ఉత్తరమేందని నవ్వకు. ఫోన్ల మనం మాట్లాడితే రెండో మాటకే కొట్లాట అయితది. నువ్వు గనిల దిగేటప్పుడు ఫోను పైన్నే పెట్టి పోతవు, ఎక్కినంక పడుకుంటవు. రాస్తే నీకు తీరిక దొరికినప్పుడు చదువుకుంటవు. నేను కూడ జర ఆగి మాట్లాడుత. మన తండా మాటకు రాత లేదు గనుక తెలుగులనే రాస్తున్న. అమ్మను మాత్రం యాడి అనే రాస్త, వేరే మాట నోటికి రాదు.

నేను చేసే కొలువు ఏందని నువ్వు అడుగుతనే ఉన్నవు, నేను సరిగ్గ ఎన్నడూ చెప్పలే. ఇది చిన్న మ్యూజియం. పాత వడ్ల గోదాముకు సున్నం వేసి పెట్టిండ్రు. బాలనర్సయ్య సారు అని, చరిత్ర చెప్పి రిటైరైన పెద్దమనిషి, ఊరోళ్లను కూడగట్టి నడుపుతున్నడు. గొంగళ్లు, దొరల మీద రాళ్లు విసిరిన వడిసెలలు, నిజాం కాలం ఉర్దూ కాయితాలు, మన ఆడోళ్ల అద్దాల రైకలు, అన్నీ గాజు పెట్టెలల్ల ఉన్నయి. వాటికి ఫోటోలు తీసి కంప్యూటర్ల ఎక్కించుడు, కాయితాలు స్కాన్ చేసుడు, వచ్చినోళ్లు వేలు పెట్టి చూసే పెద్ద తెరను నడిపించుడు నా పని.

ఆ తెర వచ్చి ఏడాదయింది గాని దాని ముందల ఎవ్వరూ నిలబడరు. పట్నం కంపెనీ ఒకటి తయారు చేసి పోయింది. బొమ్మ మీద వేలు పెడితే ఒక మొగాయన గొంతు వస్తది. మంచి గొంతే. కాని మన దిక్కు మాట కాదు. మొన్న దేవరుప్పుల నుంచి బడి పిల్లలు వచ్చిండ్రు. వడిసెల బొమ్మ ముట్టుకున్నరు. ఆ గొంతు మొదలయిందో లేదో, ఒకడు దాన్ని ఎక్కిరించిండు, అందరు నవ్విండ్రు. సినిమాలల్ల మన మాటను పెట్టి ఇన్నేండ్లు నవ్విండ్రు గద, ఇది దానికి బదులేమో. సారుకు మాత్రం నవ్వు రాలే. "వడిసెల తిప్పినోళ్ల మనుమలు దాని ముచ్చట వినేటప్పుడు నవ్వొద్దు రాజీ. ఆ గొంతు తీసెయ్. మనోళ్ల గొంతులు తీసుకరా" అన్నడు. గందుకే కెమెరా, మైకు పట్టుకొని ఊర్లు తిరుగుతున్న.

పోయిన ఆదివారం మన తండాకు పోయిన. రైక మీద అద్దాలు ఎట్ల కుడతరో చూపించమంటే యాడి మస్తు సంబరపడ్డది. నెల్లికుదురు అంగడికి వేసుకపోయే మంచి రైక తొడుక్కొని కూసున్నది. కుట్టుకుంట కుట్టుకుంట, ఆ అద్దాలు జైపాల్ పట్నం నుంచి తెచ్చినవని చెప్పింది. సూది అక్కడనే ఆగింది. కొంగు ముఖం మీదికి గుంజుకొని రాగం తీసి ఏడ్చింది. తమ్ముడు ఆ బిల్డింగు మీదికెళ్లి పడి రెండేండ్లాయె గద భియా. వాన్ని ఇంటికి తెచ్చిననాడు ఎట్ల ఏడ్చిందో గట్లనే ఏడ్చింది. నేను పక్కకు పోయి యాడిని పట్టుకున్న గాని కెమెరా ఆపలే. ఎందుకు ఆపలేదో ఇప్పటికీ తెల్వదు.

గుండె తేలికయినంక "నీ డబ్బాల పడ్డదా?" అని అడిగింది. "పడ్డది, తుడిపెయ్యాల్నా?" అన్న. జర సేపు సూది దిక్కు చూసి "ఉండనీ. నేను పోయినంక మీ ఇద్దరన్న వినాలె" అన్నది.

నేను ఉంచిన. మంచిగ చేసిన్నా?

నీ చెల్లె
రాజీ

•

భూపాలపల్లి,
10 జూలై.

చెల్లె రాజీకి,

నీ ఉత్తరం మీ వదిన నాతోని రెండు మాట్ల చదివించుకున్నది. రెండోసారి ఆ అద్దాల కాడికి వచ్చినంక నేను చదవలేక పిల్లకు ఇచ్చిన.

యాడి నా ముందల ఎన్నడూ ఏడ్వలే. నేను తండాకు వస్తె బువ్వ పెడ్తది, మేకల సంగతి చెప్తది, ఎప్పుడు పోతవని అడుగుతది. నేను బొగ్గుల దిగెటోన్ని గద, నా ముందల ఏడిస్తె నా గుండె పిరికిదైతదని అనుకుంటదో ఏమో. నీ ముందల ఏడ్చింది. నువ్వు ఆపకుండుడే మంచిదయింది. నాకు వినాలని ఉన్నది గాని ఇప్పుడే పంపకు. ధైర్యం వచ్చినంక నేనే అడుగుత.

జైపాల్ ముచ్చట వస్తె నాకు ఏడుపు కంటె ముందు ఆ కంట్రాక్టరు ముఖం యాదికొస్తది. దవాఖాన దాక గూడ రాలే వాడు. గేటు కాడ నిలబడి అడిగితె "ఆ పిలగాడు మా మనిషి కాదు" అన్నడు. పొద్దంత వాని బిల్డింగు కట్టిన పిలగాడు సచ్చినంక వాని మనిషి కాకుండ పోయిండు. పేపర్ల ఒక్క ముక్క రాలే. ఎవ్వలు ఆగి ఎవ్వలని అడగలే.

ఇక్కడ గనిల ఇప్పుడు ఒకటే ముచ్చట, తెలంగాణ. సమ్మె వస్తదంటున్నరు. ఉద్యోగస్తులు, బస్సులోళ్లు, సార్లు, మేము, అందరం ఒక్కసారె పని ఇడుస్తమంట. మా యూనియన్ల వీరస్వామి అన్న రోజు గని మీద మీటింగు పెడ్తుండు. నేను గూడ తిరుగుతున్న. పని ఇడిచి ఇంట్ల కూసునుడు కాదు ఇది. మీ వదినకు జర భయమున్నది. నాకు లేదు.

ఉంట మరి.
నీ అన్న జైసింగ్

•

జనగామ,
21 ఆగస్టు.

భియాకు,

తెర మారింది. ఇప్పుడు జనం నిలబడుతున్నరు. వడిసెల ముట్టుకుంటే కడివెండి దిక్కు ముసలాయన గొంతు వస్తది, మధ్యల దగ్గుతడు గూడ. ఆ దగ్గు తీసేద్దామని మ్యూజియం కమిటీల ఒకాయన అన్నడు. సారు వద్దన్నడు.

ఇంకో కొట్లాట గెలిచిన. తెర మీద ముందుగాల రెండు గుర్తులుంటయి, తెలుగు, ఇంగ్లీషు. మూడోది మన మాటది పెడదామన్న. "లిపి లేని భాషకు గుర్తు మీద ఏం రాస్తవమ్మా?" అని కమిటీ అడిగింది. నిజమే. ఇంటికి పోయి మస్తు ఆలోచించిన. తెల్లారి ఒక చెవి బొమ్మ గీసి చూపించిన. చెవిని ముట్టుకుంటే మన మాట వస్తది. రాత అక్కర్లేదు. సారు ఆ బొమ్మను తన చేతితోని మళ్ల గీసి, కమ్మ పెట్టిండు. ఇప్పుడు తెర మీద కమ్మ పెట్టుకున్న చెవి ఉన్నది.

యాడి ఏడుపు మాత్రం తెర మీద పెట్టలే. హార్డ్ డిస్కుల అన్నింటితోని పాటే ఉన్నది. సారు విన్నడు. మాట అర్థం కాలేదు గాని కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఇది పెడితే గోడలు గూడ ఏడుస్తయి" అన్నడు. "అది మా ఇద్దరికోసమని యాడి చెప్పింది సారు" అన్న. మళ్ల అడగలే.

తీజ్ పండుగకు తండాకు పోయి వచ్చిన. ఆడపిల్లలు గోధుమ నారు బుట్టలు ఎత్తుకొని మస్తు ఆడిండ్రు. యాడి ఆడలే గాని వాకిట్ల కూసొని చూసింది. రెండేండ్ల నుంచి అది గూడ లేకుండె గద.

రాజీ

•

భూపాలపల్లి,
24 సెప్టెంబరు.

చెల్లె రాజీకి,

బస్సులు బంద్ గనుక హన్మంత్ మామ మోటరు సైకిల్ మీద వరంగల్ దాక వస్తుంటె ఆయన చేతికిచ్చి పంపుతున్న.

సమ్మె మొదలయినంక గని మీద పిట్ట గూడ లేదు. పొద్దున లేచి టెంటు కాడికి పోతం, అక్కడనే వంట, అక్కడనే ఆట పాట. మొన్న ఏం జరిగిందో చెప్త విను. పొద్దుగూకే యాళ్లకు వీరస్వామి అన్న కొత్త సీడీ వచ్చిందని పెట్టిండు. డప్పు వస్తది, పాట వస్తది అనుకున్నం. యాడి గొంతు వచ్చింది.

రాజీ, నేను చాయ తాగుతున్న. గిలాస చేతులనె ఉన్నది. ఆ పెద్ద డబ్బాలకెళ్లి మన యాడి ఏడుస్తున్నది, మన మాటల, "నా కొడకా ఏ బాట పట్టినవ్‌రా" అనుకుంట. అక్కడున్నోళ్లకు ఎవ్వలకు ఆ మాట అర్థం కాదు. అయినా అందరు లేచి నిలబడ్డరు.  నేను ఏడ్చిన. పక్కోడు ఏందని అడిగితె "మా యాడి" అన్న.

సీడీ అట్ట చూపించిండ్రు. మన ఇంట్ల గోడ మీదున్న జైపాల్ ఫోటో ఉన్నది. కింద "తెలంగాణ కోసం ప్రాణమిచ్చిన అమరుని తల్లి" అని రాసి ఉన్నది. ఇంక నన్ను ఇడిచిపెట్టలే. అమరుని అన్న అని మెడల దండ వేసిండ్రు. తెల్లారి జైపాల్ ఫోటో పెద్దగ చేసి టెంటుకు కట్టిండ్రు. రోజు పొద్దున దానికి పూలు పెడ్తున్నరు.

నువ్వు పంపినవా? పంపితె ముందుగాల నాకొక మాట చెప్పాల్సింది. కోపం లేదు. అడుగుతున్న.

జైసింగ్

•

జనగామ,
30 సెప్టెంబరు.

భియా,

నేను పంపలే. నీ ఉత్తరం నిన్న అందింది.

పొద్దున్నె సారు ఇంటికి పోయిన. "సారు, మా యాడి ఏడుపు ఎవరికన్న ఇచ్చిండ్రా?" అని అడిగిన.

"జగపతికిచ్చిన బిడ్డా. తెలంగాణ పాటల ధూంధాం జట్టు నడుపుతడు గద, మా పాత శిష్యుడు. పెన్ డ్రైవుల వేసుకొని పోయిండు. ఏమయింది?"

"వద్దని చెప్పిన గద సారు."

సారు "తెర మీద వద్దన్నవు. ఉద్యమానికి గూడ వద్దన్నవని నాకు తోచలే" అన్నడు. దొంగతనం చేసిన మనిషి ముఖం కాదది భియా. ఇంట్ల ఉన్నది తీసి ఆకలైనోనికి పెట్టిన, అందుకు కోపానికొస్తరా అన్నట్టు చూసిండు.

ఇద్దరం కలిసి జగపతి కాడికి పోయినం. ఆయన గూడ చెడ్డోడేం కాదు. "వీడియోల తల్లి ఏడుస్తున్నది, వెనుక గోడకు పిలగాని ఫోటో, దండ. తెలంగాణ కోసమని పిలగాండ్లు ప్రాణాలు తీసుకుంటున్న ఈ రోజులల్ల నేను ఇంకేం అనుకోవాలె అక్కా?" అన్నడు. ఫోటో ఆ వీడియోలకెళ్లే కోసి పెట్టిండు. రాత తనే రాసిండు. సీడీలు మానుకోట, భూపాలపల్లి, ఇంకా ఎక్కడెక్కడికో పోయినయి. అక్కడోళ్లు వాటిని చూసి ఇంకా చేసుకుంటున్నరు. "ఇంక నా చేతుల లేదు" అన్నడు.

తప్పు నా దగ్గరే మొదలయింది. ఆ ఫైలును అన్నింటితోని కలిపి పెట్టిన. దాని మీద "ఇది ఎవ్వరికీ ఇయ్యొద్దు" అని ఒక్క ముక్క రాయలే. పాట ఏందో, ఎవరి మీదనో, పిలగాడు ఎట్ల పోయిండో రాయలే. నేను రాయకుండ ఖాళీ పెట్టిన కాడ జగపతి తనకు తోచింది రాసిండు.

ఇప్పుడు నువ్వొక్క పని చేయాలె. టెంటు కాడ నిజం చెప్పు. మా తమ్ముడు బిల్డింగు పని చేసుకుంట పడి పోయిండు అని చెప్పు. నువ్వు చెప్తే ఆ ఊరిల ఆగిపోతది. యాడికి ఇంకా తెల్వదు. తెల్వకముందే ఆగాలె.

ఇది రాసేటప్పుడు కరెంటు లేదు. మీరు బొగ్గు తీయరు, నా తెర వెలగదు. దానికి నాకేం బాధ లేదు, ఎన్ని రోజులైన చీకట్ల కూసుంట. ఈ అబద్ధం కింద మాత్రం కూసోలేను.

రాజీ

•

భూపాలపల్లి,
5 అక్టోబరు.

రాజీకి,

చదివిన. నేను చెప్ప.

నువ్వు మ్యూజియంల కూసొని ఏది అసలుది, ఏది నకలుది అని చూస్తవు. అది నీ కొలువు. ఇక్కడ జీతాలు లేక పండుగకు పిల్లలకు కొత్త బట్టలు కొనలేనోళ్లు ఉన్నరు. పని కాడికి పోదామని లోపల్లోపల అనుకునెటోళ్లు ఉన్నరు. పొద్దున యాడి గొంతు విని మళ్ల కూసుంటున్నరు. ఆ తల్లి కంటె మనకేం ఎక్కువ కష్టమచ్చిందని అనుకుంటున్నరు. ఇప్పుడు నేను లేచి, అది కాదు బై, మా తమ్ముడు గోడ కట్టుకుంట పడ్డడు అంటె ఏమైతది? ఇంకే మాట నిజం, ఇంకే ఫోటో నిజం అని అడుగరా?

ఇంకోటి చెప్త. జైపాల్ సచ్చిననాడు వాడు మా మనిషి కాదు అన్నడు ఆ కంట్రాక్టరు. ఇప్పుడు గింతమంది వాడు మా మనిషి అంటున్నరు. వాని పేరు చెప్పి లేచి నిలబడ్తున్నరు. బతికున్నప్పుడు వానికి కుర్చీ ఏసినోడు లేడు. ఇప్పుడు పూలు పెడ్తున్నరు. వానికి దొరికిన ఆ జర మర్యాదను గుంజుకోమంటవా? నా చేతులతోని?

నువ్వు చదువుకున్నవు. నీకు సమజ్ కాదిది. మళ్ల ఈ సంగతి రాయకు.

జైసింగ్

•

తండా, నెల్లికుదురు దగ్గర,
10 అక్టోబరు.

భియాకు,

రాయొద్దన్నవు. రాయక తప్పుతలేదు. యాడి పక్కనే కూసున్నది, తను చెప్పిందే నీకు రాయమన్నది. ముందుగాల ఏమయిందో చెప్త.

రైకకు దారం కొందామని యాడి మానుకోటకు పోయిందంట. స్టేషన్ దిక్కు పోతుంటే ఎవరో ఆడామె ఏడుస్తున్నట్టు వినబడ్డదంట. మన మాటల, మన రాగంల. తన గొంతు తనకు ఎట్ల తెలుస్తది, ఎన్నడన్న బయట నుంచి విన్నదా? ఎవరో మనామె, ఎవర్ని పోగొట్టుకున్నదో పాపం, పట్టుకొని ఓదారుద్దామని జనంలకెళ్లి దూరి పోయిందంట. పోయి చూస్తే డబ్బా ఉన్నది. డబ్బా మీద జైపాల్ ఫోటో ఉన్నది.

పక్కన నిలబడ్డాయనను ఏం రాసిండ్రని అడిగితే చదివి చెప్పిండంట. యాడి దారం కొనకుండ నడుచుకుంట వచ్చింది. మనామె ఒకామె నాకు ఫోన్ చేస్తే వచ్చిన.  నేను కాళ్ల కాడ కూసొని ఎట్లెట్ల అయిందో అంతా చెప్పిన. సారు ముచ్చట, జగపతి ముచ్చట, నీ టెంటు ముచ్చట, నువ్వు రాసింది గూడ చదివి చెప్పిన. అప్పుడు కాయితం తీయమన్నది. కింద రాసేది యాడి మాట. మన మాటల చెప్తుంది, నేను తెలుగు చేస్తున్న.

"జైసింగూ, వాడు ప్రాణమియ్యలేదు కొడుకా. వాని ప్రాణం పోయింది. ఇచ్చుడు వేరు, పోవుడు వేరు. తీజ్ పండుగకు వస్తనని వాడు నాకు ఫోన్ల చెప్పిండు. అక్క పెండ్లికి నేను బాజాలు తెస్త అన్నడు. వానికి మస్తు బతకాలని ఉండె. ఇచ్చిండని రాస్తే, నన్ను కాదనుకొని పోయినట్టయితది. వాడు నన్ను కాదనుకోలే.

ఇచ్చిన పిల్లలు నిజంగ ఉన్నరంట గద. వాళ్లకు తల్లులున్నరు. ఆ తల్లుల పక్కకు పోయి, నా కొడుకు గూడ గట్లనే అని నేను కూసుంటే, వాళ్ల దుఃఖంల నేను దొంగనయిత.

నీ సమ్మెకు నేను అడ్డం రాను. తెలంగాణ నాకు గూడ కావాలె. నా ఏడుపు కావాలంటే అడిగితే ఇద్దును. కాని వాడు ఎట్ల పోయిండో అట్ల చెప్పి తీసుకోండ్రి. పని చేసుకుంట పడ్డోనికి పూలు పెట్టరా మీరు? పెట్టకపోతే అవి నా కొడుకు పూలు కావు."

ఇంతే చెప్పింది. నేను ఒక్క మాట కలపలే, తీయలే.

రాజీ

•

భూపాలపల్లి,
15 అక్టోబరు.

చెల్లె రాజీకి,

నీ ఉత్తరం అందినంక మీ వదినకు చదివి వినిపించిన. "ఇంకా ఏం ఆలోచిస్తున్నవు?" అన్నది. అంతె.

టెంటు కాడికి పోయి వీరస్వామి అన్నకు చెప్పిన. ఆయన తల పట్టుకున్నడు. "సమ్మె ఒడిసేదాక ఆగరాదు జైసింగ్" అన్నడు. "మా యాడి ఆగలేదన్నా, అంగట్ల విన్నది" అన్న. మైకు ఇచ్చిండు.

మైకు పట్టుకొని జనం ముందల నిలబడ్డ. మా తమ్ముడు జైపాల్ బిల్డింగు కట్టుకుంట పైకెళ్లి పడి సచ్చిపోయిండు, సీడీ మీద రాసింది తప్పు, తెలిసి గూడ నేను ఊకున్న, ఆ దండలు వేసుకున్న అని చెప్పిన. ఆ పాటల మా యాడి ఏమంటున్నదో ఒక్కొక్క మాట తెలుగు చేసి చెప్పిన. ఇన్ని రోజులు విన్నోళ్లకు అప్పుడు తెలిసింది అందుల ఏమున్నదో.

ఒకడు వెనుకకెళ్లి "గిన్ని రోజులు మమ్ములను పాగల్ చేసినవా?" అన్నడు. అన్నదాంట్ల తప్పేమున్నది? కొందరు లేచి పోయిండ్రు. నేను మైకు కింద పెట్టి దిగిన. అప్పుడు గట్టమ్మ అని, మా టెంటుకు వంట చేసే ఆమె, గంటె చేతులనె ఉన్నది, "తమ్మునికి పెండ్లయిందా?" అని అడిగింది. కాలేదన్న. "అయ్యో" అన్నది. వయసు అడిగింది. ఎట్లుంటుండె అని అడిగింది. తన చెల్లెలి మొగుడు గూడ బొంబాయిల గిట్లనె పడ్డడు, ఇప్పటిదాక ఎవ్వలకు చెప్పలే, చెప్పితె ఎవ్వలు వింటరు అన్నది. ఇంకొకాయన తన కొడుకు ముచ్చట తీసిండు. ఆ పొద్దు పాటలు పెట్టలే. గవే ముచ్చట్లు నడిచినయి.

సాయంత్రం వీరస్వామి అన్న తనే నిచ్చెన ఎక్కి జైపాల్ బొమ్మ విప్పిండు. రాత ఉన్న కాడ కత్తెర పెట్టి కోసి, బొమ్మ మడిచి నా చేతుల పెట్టిండు. "తీసుకపో. ఫోటో నీ తమ్మునిది. రాత మాది" అన్నడు. కోపంగ అన్నడో, బాధగ అన్నడో నాకు తెలువదు.

పోయినోళ్లల్ల కొందరు తెల్లారి వచ్చి కూసున్నరు. ఇద్దరు ముగ్గురు ఇంకా నాతోని మాట్లాడ్తలేరు. సమ్మె మాత్రం ఆ పాట మీద నిలబడ్డది కాదు, పాట లేదని ఆగిపోలే. నేను అనుకున్నంత పిరికోళ్లు కారు మా జనం. ఒకటి రెండు రోజులల్ల పెద్దోళ్లు మాట్లాడుకొని ఏదో ఒకటి తేలుస్తరంటున్నరు.

నీ మీద కోపానికొచ్చిన. చదువుకున్నవని దెప్పిన. మనసుల పెట్టుకోకు. యాడి నా పేరు తీస్తున్నదా?

జైసింగ్

•

జనగామ,
22 జనవరి 2012.

భియాకు,

నీ పేరు తీయని రోజు లేదు. నీ ఉత్తరం చదివి చెప్పిననాడు యాడి పొయ్యి కాడికి పోయి మస్తు సేపు పని ఉన్నట్టు కూసున్నది. తర్వాత "వానికి జ్వరం గిట్ల రాలేదు గద" అని అడిగింది.

మొన్న యాడిని మ్యూజియంకు తీసుకొచ్చిన. సారు గేటు కాడనే నిలబడి ఉన్నడు, చేతులు జోడించి. "చెల్లె, అడగకుండ ఇచ్చిన. నాదే తప్పు" అన్నడు. యాడి కొంగు సవరించుకొని, వచ్చీ రాని తెలుగుల, "నా ఏడుపు విని నువ్వు గూడ ఏడ్చినవంట గద. ఏడ్చినోన్ని ఏమంట. ఇంకోసారి అడుగు" అన్నది. సారు లోపటికి పోయి కుర్చీ తనే మోసుకొచ్చి వేసిండు.

చెవులకు పెట్టుకునేవి పెట్టి యాడికి ఆ ఏడుపు మొత్తం వినిపించిన. కదలకుండ విన్నది. తర్వాత కెమెరా పెట్టమన్నది. ఈసారి కొంగు కప్పుకోలే. జైపాల్ ఎప్పుడు పుట్టిండు, చిన్నప్పుడు మేకపిల్లను బడికి ఎట్ల ఎత్తుకపోయిండు, పట్నంల ఏం పని చేసిండు, ఎట్ల పడ్డడు, కంట్రాక్టరు ఏమన్నడు, అన్నీ మన మాటల చెప్పింది. సారుకు మన మాట రాదు గద, అందుల ఆ కంట్రాక్టరు పేరు ఉంటే తీసేద్దామా అని అడిగిండు, కేసులయితయేమోనని. యాడి "వాడు నా కొడుకు పేరు చెప్పలే. నేను వాని పేరు ఎందుకు చెప్త" అన్నది. పేరు లేకుండనే పోయింది.

ఇప్పుడు తెర మీద కమ్మ పెట్టిన చెవిని ముట్టుకుంటే ముందుగాల ఆ ముచ్చట, దాని వెనుక ఏడుపు వస్తయి. కింద తెలుగుల రాసిన: "గమ్లీబాయి తన చిన్న కొడుకు జైపాల్ గురించి చెప్పుకున్నది. జైపాల్ హైదరాబాద్‌ల భవన నిర్మాణ పని చేస్తూ పడి చనిపోయిండు." ఆ రాత యాడికి చదివి వినిపించి, ఏడుపు గూడ పెట్టాల్నా అని అడిగి, సరే అన్నంకనే పెట్టిన.

పని పద్ధతి గూడ మార్చిన. ఇప్పుడు ఎవరి గొంతు తీసినా వాళ్లకు ముందు వినిపిస్త. ఇది ఇంటోళ్లకేనా, మ్యూజియం దాకనా, బయట లోకానికా అని అడుగుత. ఏది చెప్తే అది ఫైలు మీదనే రాసి, ఇంటోళ్లవి వేరే డిస్కుల పెట్టి తాళం వేస్తున్న. ఆ తాళం సారు దగ్గర గూడ లేదు, ఆయనే వద్దన్నడు. పోయిన వారం ఒక ముసలవ్వ తన పాట మ్యూజియం దాకనే అన్నది, పక్కూరి వాళ్లకు మాత్రం వినిపించొద్దన్నది. ఏం కొట్లాటనో ఏమో. అట్లనే రాసిన.

జగపతి కొత్త సీడీలల్ల ఆ పాట తీసేసిండు. పాతవి ఎన్ని ఉన్నయో, ఎక్కడెక్కడ మోగుతున్నయో లెక్క లేదు. వాటిని వెనుకకు తెచ్చే మిషను నా దగ్గర లేదు భియా. యాడికి అదే చెప్పిన. "మోగనీ. నాకు నోరున్నది గద" అన్నది.

హోలీ తర్వాత నీ దగ్గరికి వస్తదంట. ఒక్కతే వస్తనన్నది. నేను తోలుకపోత అంటే వినలే.

రాజీ

•

భూపాలపల్లి,
18 మార్చి.

చెల్లె రాజీకి,

యాడి క్షేమంగ చేరింది. పరకాల కాడ బస్సు దొరకక షేర్ ఆటో ఎక్కిందంట. నేను బస్టాండు కాడ ఎదురు చూస్తున్న, ఎంతకూ రాదు. పరేషానయి ఇంటికి పోతె, క్వార్టరు ముందల ఆటో ఆగి ఉన్నది. యాడి కిందికి దిగలే, లోపటనె కూసొని డ్రైవరుతోని ముచ్చట పెడ్తున్నది.

ఆయనది చిట్యాల అంట. బండిల పాటలు పెడితె, మధ్యల ఆ ఏడుపు వచ్చిందంట. యాడి ఆయన భుజం తట్టి ఆటో ఆపమన్నదంట. "ఇది నేను. వాడు నా కొడుకు. నువ్వు పెట్టిన దాని మీద తప్పు రాసిండ్రు, నేను చెప్త విను" అన్నదంట. ఇంక రేగొండ దాటినా చెప్పుడు ఆపలే. మిగిలిన జనం గూడ తమ ఊరు వచ్చినా దిగకుండ విన్నరని ఆయన చెప్పిండు. అది నిజమో, జర కలిపిండో.

మీ వదిన నీళ్లు ఇస్తె ఆయన తాగి, పైసలు ఇయ్యబోతె తీసుకోలే. బండి ఎక్కబోయి, మళ్ల దిగి నా దగ్గరికి వచ్చిండు.

"నువ్వేనా పెద్ద కొడుకువు?" అన్నడు.

అవునన్న.

"జైపాల్ మేకపిల్లను బడికి తీసుకపోతె సారు ఏమన్నడో అవ్వ చెప్పబోయింది. గింతల మీ ఇల్లు వచ్చింది. ఏమన్నడన్నా?"

నాకు తెలుసు ఆ ముచ్చట. ఎండల నిలబడే ఆయనకు మొత్తం చెప్పిన.

జైసింగ్